బొడ్డు ఉబ్బు: పరీక్ష, చీటీలో వ్రాత

"బొడ్డు పొడుచుకువచ్చింది, పైపూత ఏదైనా చెప్పండి" అని మా కోనసీమ తల్లులు తరచుగా అడుగుతుంటారు. పూతకంటె ముందు ఆ ఉబ్బు ఏ స్థితిలో ఉన్నదో తెలియవలెను. వాతముచే ఉబ్బి నొప్పి కలిగిన నాభిని వాగ్భటుడు 'తుండి' అన్నాడు. చరకుడు శారీరస్థానంలో లొద్దుగ, యష్టిమధుకం, పసుపు, దేవదారు మొదలైనవాటితో చెప్పిన తైలం చీము పట్టిన బొడ్డుకే గాని ఉబ్బుకు కాదు. కండరాల నడుమ ఏర్పడిన రంధ్రాన్ని ఏ తైలమూ మూయజాలదు.

రోగిని వెల్లకిల పడుకోబెట్టి దగ్గమనవలెను. ఉబ్బు పైకి వచ్చి, మెల్లగా నొక్కితే లోనికి పోయి, వ్రేలికి రంధ్రపు అంచు తగిలితే అది బొడ్డు హెర్నియా. తల ఎత్తినప్పుడు పొట్ట నడుమ నిలువుగా గట్టువలె లేచి, రంధ్రం తగలకపోతే అది కాన్పుల తరువాత కండరాలు ఎడమగుట మాత్రమే. పాత ఆపరేషన్ మచ్చ వద్ద ఉబ్బితే అది వేరొక హెర్నియా. సందేహమున్నచో స్కానింగ్ అవసరం. పెద్దవారిలో జలోదరం ఉన్నదేమో కూడ చూడవలెను.

పసిబిడ్డలలో చాలావరకు నాలుగైదేండ్లలోపు తానే మూసుకొనును. రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ బిగించుట వలన చర్మం ఒరసి పుండుపడుటయే గాని ప్రయోజనం లేదు. పెద్దవారిలో అది తానుగా మూయబడదు. శస్త్రవైద్యుని సలహా పొందవలెను.

ఉబ్బు లోనికి పోక గట్టిపడి, నొప్పి, వాంతులు, చర్మం ఎర్రబడుట లేక నల్లబడుట, మలవాయువులు ఆగుట కనబడితే ప్రేగు చిక్కుకొన్నదని తలచవలెను. అప్పుడు ఆముదం త్రాగించరాదు, బలంగా నొక్కరాదు. రాజోలు, కొత్తపేటల చుట్టుపట్ల లంకలవారైనా తెల్లవారేదాకా ఆగక, శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రికి వెంటనే చేరవలెను. గంటలు గడిచినకొద్దీ ప్రేగు కుళ్ళును.

ఇక వ్రాత సంగతి. నేను చీటీలో తేదీ, రంధ్రం ఎన్ని సెంటీమీటర్లు, ఉబ్బు లోనికి పోవునా పోదా, నొప్పి, వాంతులు ఉన్నవా లేవా అని విడివిడిగా వ్రాస్తాను. "లేవు" అని వ్రాయుట కూడ సమాచారమే. ఆరు నెలల తరువాత చూచు వైద్యునికి రంధ్రం పెరిగినదీ లేనిదీ దానివలననే తెలియును.

ఆసుపత్రులవారు, బీమావారు వాడే అంతర్జాతీయ రోగ వర్గీకరణ పదవ కూర్పులో బొడ్డు హెర్నియా సంకేతం కె 42. చిక్కు లేనిది కె 42.9, ప్రేగు అడ్డుపడి కుళ్ళనిది కె 42.0; కుళ్ళినది కె 42.1. మచ్చ వద్దది కె 43లో చేరును. నా వద్దకు వచ్చే ఒక గృహిణి కాగితంలో వేరొకచోట "పొట్ట హెర్నియా" అని మాత్రమే వ్రాసి, ఏ చోటో తెలియని కె 46.9 వేశారు. బీమావారు కాగితాలు త్రిప్పి పంపారు. పాపం, ఆమె మూడుసార్లు అమలాపురం తిరిగినది! వైద్యుడు వ్రాయనిదానిని సంకేతం వేయు గుమాస్తా ఊహించి వేయరాదు కదా.

ఆయుర్వేద రోగనామాలకూ 2017 నుండి 'నమస్తే' పోర్టల్‌లో సంకేతాలున్నవి. అవి మా చికిత్సా పత్రాలకు చెల్లును. శస్త్రచికిత్సకు వెళ్ళేవారు మాత్రం డిశ్చార్జి కాగితంలో "బొడ్డు" అనే మాట, అడ్డు ఉన్నదీ లేనిదీ, కుళ్ళు ఉన్నదీ లేనిదీ వ్రాసినారేమో ఆసుపత్రి విడువక ముందే చూచుకొనవలెను.