వెనిగర్‌లో ముంచితే కొత్తిమీర శుభ్రమైపోయినట్టేనా?

హలీం గంటల తరబడి ఉడుకుతుంది. అంతసేపు ఉడికాక అందులో సూక్ష్మజీవులు చాలావరకు మిగలవు. కానీ గిన్నెలో వడ్డించాక పైన చల్లే కొత్తిమీర, పుదీనా మాత్రం పచ్చివే. బిర్యానీతో ఇచ్చే రైతా, దహీ చట్నీ, ఇఫ్తార్‌లో కీరా, క్యారెట్, ఉల్లికాడల ప్లేటు కూడా అంతే. మన దస్తర్‌ఖాన్ మీద మాంసం బాగా ఉడికే వస్తుంది, ఆకు మాత్రం ఉడకకుండా వస్తుంది. అందుకే చాలా ఇళ్లలో ఇప్పుడు ఆకులను వెనిగర్ నీళ్లలో వేసి తీస్తున్నారు. అలవాటు మంచిదే. అయితే వెనిగర్ ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది తెలియకపోతే ధైర్యం మాత్రమే మిగులుతుంది, శుభ్రత కాదు.

ఆకుల మీద ఏముంటుంది?

కంటికి కనిపించేది మట్టి, చిన్న పురుగులు. కనిపించనివి విరేచనాలు, టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా, వైరస్‌లు, పేగు పురుగుల గుడ్లు. పొలానికి మురుగు కలిసిన నీరు పారితే ఇవి ఆకు మీదికి చేరతాయి. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో ఆకుకూరలు, పశుగ్రాసం పండించడం దశాబ్దాలుగా జరుగుతున్నదే. మార్కెట్‌లో కట్ట కొన్నప్పుడు అది ఏ నీటితో పెరిగిందో అడిగి తెలుసుకునే వీలు మనకు ఉండదు. తాజాగా కనిపించాలని దుకాణంలో చల్లే నీళ్లు ఎక్కడివో కూడా తెలియదు.

వెనిగర్ చేసే పని

వెనిగర్‌లో పనిచేసేది ఎసిటిక్ ఆమ్లం. ఆ పులుపుకు చాలా రకాల బ్యాక్టీరియా తట్టుకోలేదు. కానీ రెండు షరతులు ఉన్నాయి. పులుపు తగినంత ఉండాలి, ఆకు అందులో తగినంతసేపు ఉండాలి.

ఇక్కడే లెక్క తప్పుతోంది. చాలామంది బకెట్ నీళ్లలో ఒక మూత వెనిగర్ వేసి సరిపెడతారు. మన దుకాణాల్లో దొరికే తెల్ల వెనిగర్‌లో ఆమ్లం సుమారు 4 శాతం ఉంటుంది. మూత అంటే 10 మిల్లీలీటర్లు అనుకుందాం. దాన్ని 5 లీటర్ల నీళ్లలో కలిపితే ఆమ్లం 0.008 శాతానికి పడిపోతుంది. ఒక భాగం వెనిగర్, మూడు భాగాల నీళ్లు కలపమని విదేశీ వంట పేజీల్లో చెప్పేది 5 శాతం వెనిగర్‌ను దృష్టిలో పెట్టుకుని. ఆ మిశ్రమంలో 1.25 శాతం ఆమ్లం ఉంటుంది. అంటే బకెట్‌లో వేసిన మూత దానికంటే 150 రెట్లు పైగా పలచన. వాసన వస్తుంది, పని మాత్రం జరగదు.

మన 4 శాతం సీసాతో దాదాపు అదే బలం రావాలంటే ఒక గ్లాసు వెనిగర్‌కు రెండు గ్లాసుల నీళ్లే కలపాలి. ఆకులు పూర్తిగా మునిగేలా 5 నుంచి 10 నిమిషాలు ఉంచాలి. ఖర్చు చూస్తే కొత్తిమీర కట్ట కంటే వెనిగరే ఎక్కువ అవుతుంది. కాబట్టి రోజూ ప్రతి కూరగాయకూ వాడాల్సిన పని లేదు. వండుకునే పాలకూరకు, మెంతికూరకు మంచినీళ్లు చాలు. పచ్చిగా తినే ఆకులకే వెనిగర్ దాచుకోండి.

వెనిగర్ చేయలేని పని

బద్దెపురుగు గుడ్లను వంటింటి వెనిగర్ చంపుతుందని నమ్మడానికి లేదు. ఈ గుడ్ల పెంకు గట్టిది, చాలా క్రిమిసంహారకాలకు కూడా లొంగదు. ఇవి కడుపులోకి వెళితే పిల్లలు రక్తం ద్వారా మెదడుకు చేరి తిత్తులుగా మారవచ్చు. దాన్నే న్యూరోసిస్టిసర్కోసిస్ అంటారు. ఫిట్స్ రావడానికి మన దేశంలో ఇదొక ముఖ్య కారణం.

దీని గురించి మన ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: ‘అది పంది మాంసం తినేవాళ్లకు వచ్చే జబ్బు, మనకెందుకు వస్తుంది?’ ఈ మాటలో సగమే నిజం. సరిగ్గా ఉడకని పంది మాంసం తింటే పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరే జబ్బు మాత్రం గుడ్ల వల్ల వస్తుంది. ఆ గుడ్లు బద్దెపురుగు ఉన్న మనిషి మలంలో బయటికొచ్చి నీళ్లలో, పొలంలో, కడగని చేతుల మీద చేరతాయి. అక్కడి నుంచి సలాడ్‌లోకి రావడానికి మనం ఏ మాంసం తింటామన్న దానితో సంబంధం లేదు.

1990-91లో న్యూయార్క్‌లో ఇదే రుజువైంది. పంది మాంసం అసలు ముట్టని ఆర్థడాక్స్ యూదు సమాజంలో నలుగురికి ఈ జబ్బు బయటపడింది. ఇంట్లో పని చేసేవారిలో ఎవరికో ఉన్న బద్దెపురుగు గుడ్లు ఆహారంలో చేరి ఉండే అవకాశమే ఎక్కువని పరిశీలించిన వైద్యులు తేల్చారు. హలాల్ తిండి తింటున్నాం కదా అని ఆకు కడగడంలో, చేతులు కడుక్కోవడంలో అశ్రద్ధ చేయడానికి వీల్లేదన్నమాట.

మరి గుడ్లు పోయేదెలా? నీళ్లతో తోమి, పారించి వదిలించాలి, లేదా ఉడికించాలి. మురుగునీటి సాగుపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సూక్ష్మజీవులకు సంబంధించి ఒక అంచనా ఉంది. శుభ్రమైన నీళ్లతో కడిగితే అవి పదో వంతుకు తగ్గుతాయి. క్రిమిసంహారక ద్రావణంలో ఉంచి కడిగితే వందో వంతుకు తగ్గుతాయి. ఉడికిస్తే పది లక్షల్లో ఒక వంతు కూడా మిగలవు. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, కీమోథెరపీలో ఉన్నవారు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు పచ్చి ఆకులకు దూరంగా ఉండి, ఉడికినవే తినడం క్షేమం.

కడిగే పద్ధతి

1. ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. సింక్, గిన్నె కూడా శుభ్రం చేయండి.

2. కట్ట విప్పి వేర్లు కోసేయండి. కుళ్లిన, పసుపు పడిన ఆకులు తీసేయండి. క్యాబేజీ, లెట్యూస్ అయితే పై పొరలు రెండు తీసేసి, రేకు రేకుగా విడదీయండి.

3. పెద్ద గిన్నెలో తాగే నీళ్లు పోసి ఆకులు ముంచి బాగా కదపండి. తర్వాత ఆకులను పైకి ఎత్తి తీయండి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే అడుగున చేరిన మట్టి మళ్లీ ఆకుల మీదే పడుతుంది. అడుగున మట్టి కనిపించనంత వరకు నీళ్లు మార్చండి.

4. పచ్చిగా తినేవాటిని ఇప్పుడు వెనిగర్ నీళ్లలో ఉంచండి. మట్టి పోకముందే వేస్తే వెనిగర్ వృథా.

5. చివరగా నల్లా కింద పారే నీళ్లలో వేళ్లతో రుద్దుతూ కడగండి. పులుపూ పోతుంది, అంటుకుని ఉన్నవీ కొట్టుకుపోతాయి.

6. శుభ్రమైన బట్ట మీద ఆరబెట్టి, ఆ తర్వాతే తరగండి. మటన్, చికెన్ కోసిన చాకుతో, చెక్క మీద సలాడ్ తరగవద్దు. బక్రీద్ రోజుల్లో ఇది మరీ గుర్తుంచుకోవాలి. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింది అరలో, ఆకులు పై అరలో ఉండాలి.

సబ్బు, డిటర్జెంట్, శానిటైజర్ ఆకుల మీద వాడొద్దు. 2020లో కరోనా సమయంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా ఇదే హెచ్చరిక చేసింది. బ్లీచింగ్ ద్రావణంలో వెనిగర్ ఎప్పుడూ కలపకండి. విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

పురుగుమందుల సంగతి

ఆకు పైన ఉన్న మందు కొంత కడిగితే పోతుంది. మొక్క లోపలికి పీల్చుకున్నది వెనిగర్‌తో కడిగినా పూర్తిగా పోదు. ఆ భయంతో ఆకుకూరలు మానేయడం మాత్రం నష్టమే.

సిర్కా హలాలేనా?

దుకాణాల్లో దొరికే తెల్ల వెనిగర్‌లో ఎక్కువ భాగం ఎసిటిక్ ఆమ్లంతో తయారైనదే. సీసా మీద ‘సింథటిక్’ అని రాసి ఉంటుంది. అది మద్యాన్ని పులియబెట్టి చేసింది కాదు. మద్యం తనంతట తాను పులిసి సిర్కాగా మారితే వాడవచ్చని ఉలమా అంగీకరించారు. కావాలని మార్చినదాని విషయంలో మజ్‌హబ్‌ల మధ్య తేడా ఉంది. హనఫీలు దాన్నీ అనుమతిస్తారు. సిర్కాను ప్రవక్త ముహమ్మద్ (స) మెచ్చుకున్నట్టు సహీహ్ ముస్లింలో హదీస్ ఉంది. అయితే అది రొట్టెతో తినే వ్యంజనంగా మెచ్చుకున్న మాట. ఆకు మీది మురికి వదలాలంటే మాత్రం నీళ్లు పారాల్సిందే, చేతులు రుద్దాల్సిందే.