కవెనంటర్లు

తెలుగు బైబిల్లో ‘నిబంధన’ అనే మాటకు ఇంగ్లిషు రూపం కవెనంట్. ఆ పేరుతో రాసుకున్న ప్రతిజ్ఞాపత్రానికి కట్టుబడిన స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్లే కవెనంటర్లు. చర్చిని బిషప్పులు కాక సంఘ పెద్దల సభలు నడపాలన్నది వీరి పట్టు. 1637లో రాజు మొదటి చార్లెస్ కొత్త ప్రార్థన పుస్తకాన్ని స్కాట్లాండ్ చర్చిపై రుద్దాడు. జూలై 23న ఎడింబరోలోని సెయింట్ జైల్స్ చర్చిలో దాన్ని చదవబోతే గొడవ రేగింది. జెన్నీ గెడ్డెస్ అనే ఆమె తాను కూర్చున్న పీటనే విసిరిందంటారు; అది కట్టుకథే కావచ్చు. మరుసటి ఏడు ఫిబ్రవరి 28న గ్రేఫ్రయర్స్ చర్చిలో ప్రతిజ్ఞపై సంతకాలు మొదలయ్యాయి. రాజు సైన్యంతో దిగినా 1639-40 యుద్ధాల్లో నెగ్గలేకపోయాడు.

1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కాక బిషప్పులు తిరిగొచ్చారు. వారిని ఒప్పుకోని పాస్టర్లు కొలువులు పోగొట్టుకుని కొండల్లో, బీళ్లలో ఆరాధనలు జరిపారు. ప్రసంగం ఒకవైపు, సైనికులు వస్తున్నారేమోనని కాపలా మరోవైపు. 1679లో తిరగబడి, బోత్‌వెల్ బ్రిడ్జ్ దగ్గర యుద్ధంలో ఓడి పట్టుబడిన వందలాది కవెనంటర్లను నెలల తరబడి ఆరుబయట నిర్బంధించారు. ఆ చోటు మరేదో కాదు, ఒకప్పుడు సంతకాలు జరిగిన గ్రేఫ్రయర్స్ పక్కనే. 1680లలో సాగిన వేటకు ‘హత్యల కాలం’ అనే పేరు నిలిచింది. 1690లో ప్రెస్బిటేరియన్ విధానం చట్టబద్ధమైంది. అయితే ఆ ఏర్పాటులో కవెనంట్ ఊసే లేదని, కొందరు పంతం వీడక విడిగానే ఉండిపోయారు.