బిందె మెడ, కుక్కర్ మూత

పాలిటెక్నిక్‌లో నేను మెషీన్ డ్రాయింగ్ చెబుతాను. మొదటేడాది పిల్లల చేత నట్లూ బోల్టులూ గీయించే ముందు బిందె గీయిస్తాను. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఒకటి, పక్కనుంచి ఒకటి, నిలువునా కోస్తే లోపల ఎలా కనిపిస్తుందో ఆ సెక్షన్ ఒకటి. రోజూ చూసేదే కదా అని గబగబా మొదలుపెడతారు. మెడ దగ్గరకు వచ్చేసరికి పెన్సిలు ఆగుతుంది. ఎంత లోపలికి వంచాలి? అంచు ఎంత బయటికి విప్పాలి? నా పాఠం అక్కడ మొదలవుతుంది.

నీళ్లు మోసేవాళ్లకు రెండు బాధలు: బరువు, తొణుకు. పొట్ట గుండ్రంగా ఉంటే తక్కువ రేకులో ఎక్కువ నీళ్లు పడతాయి. ఆ పొట్ట నడుం ఎముక మీద ఆనుతుంది. మెడ సన్నం కాబట్టి చెయ్యి దాని చుట్టూ సులువుగా తిరిగి వస్తుంది. అడుగు అడుగుకీ ఊగే నీళ్లను లోపలికే మళ్లించేది కూడా ఆ సన్నటి మెడే. విప్పారిన అంచు చేతిని జారనివ్వదు. నూతిలోకి దించేటప్పుడు చేంతాడు ఉచ్చు బిగిసేది దాని కిందే. నెత్తిన పెట్టుకుంటే గుండ్రటి అడుగు చుట్టకుదురులో కుదురుగా కూర్చుంటుంది. అలంకారం కోసం గీసిన గీత ఒక్కటి లేదు, అయినా ఎంత అందం! ఇత్తడి పనికి పేరుబడ్డ బుడితి, అజ్జరం లాంటి ఊళ్లలో ఇలాంటి వంపులు తరాలుగా చేతి నుంచి చేతికి వచ్చాయి.

ప్లాస్టిక్ వచ్చాక ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలో అచ్చు పోయవచ్చు. అయినా వీధి కుళాయి దగ్గర వరసకట్టిన ఎర్ర, పచ్చ, నీలం బిందెల్ని చూడండి. అదే పొట్ట, అదే మెడ, అదే అంచు. మోసే నడుం అదే మరి.

ఈ చూపు నాకు ఇచ్చినవాళ్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ డిజైనర్ దంపతులు. భారత ప్రభుత్వం పిలిస్తే వచ్చి, దేశం తిరిగి, 1958లో ఒక నివేదిక ఇచ్చారు. 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వెలిసింది ఆ నివేదిక బాటలోనే. ఇక్కడ తాము చూసి మెచ్చిన వస్తువులన్నిటిలో మిన్నగా వాళ్లు ఎంచింది మన చెంబును. పల్లెటూరి ఆడవాళ్లు చింతపండు, బూడిదతో తోమి ఇత్తడిని బంగారంలా మెరిపించడం కూడా వాళ్ల కంటపడింది. చెంబును కొత్తగా తయారుచేయాలంటే ఏమేం ఆలోచించాలో వరసగా ప్రశ్నలు వేసుకున్నారు. ఎన్ని నీళ్లు పట్టాలి, పట్టుకునే చెయ్యి ఎంతటిది, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ వంచినప్పుడూ బరువు ఎక్కడ నిలుస్తుంది, కళ్లు మూసుకుని పట్టుకుంటే ఎలా ఉంటుంది, నేల మీద పెడితే ఏం చప్పుడు చేస్తుంది, చివరికి పాతబడ్డాక అమ్మితే ఎంత వస్తుంది... ఈ చివరి ప్రశ్న నాకు మరీ ఇష్టం. పాత ఇత్తడిని తూకానికి వేసి కొత్త గిన్నె తెచ్చుకున్న ఇళ్లలో పెరిగినవాళ్లకు దాని విలువ తెలుసు. వస్తువు చచ్చిపోయాక ఏమవుతుందో కూడా తయారుచేసే రోజునే ఆలోచించాలి. ఇవన్నీ ఒక మనిషి ఒక బల్ల ముందు కూర్చుని తేల్చినవి కావని, ఎన్నో తరాల మనుషులు కలిసి తేల్చారని వాళ్లు గుర్తించారు.

కుక్కర్ సంగతి వేరు. దానికి పుట్టిన ఏడాది ఉంది, కనిపెట్టినవాడి పేరుంది. 1679లో లండన్‌లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త, ఎముకలు కూడా మెత్తబడేలా ఉడికించే గట్టి మూత పాత్రను చూపించాడు. ఒత్తిడి మించితే ఆవిరిని వదిలేసే బరువు కవాటం కూడా ఆయన ఆలోచనే. మన కుక్కర్ మీది విజిల్ దాని వారసురాలు.

విజిల్ అంటే చిన్న రంధ్రం మీద కూర్చున్న బరువు, అంతే. రంధ్రం వైశాల్యం చదరపు సెంటీమీటరులో పదో వంతు అనుకుందాం. దాని మీద 100 గ్రాముల బరువు పెడితే, లోపలి ఆవిరి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే చదరపు సెంటీమీటరుకు కిలో ఎక్కువయ్యేదాకా అది లేవదు. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. కందిపప్పు త్వరగా ఉడికేది అందుకే. ఒత్తిడి మించిందా, బరువు లేస్తుంది, ఆవిరి కూత పెడుతుంది, బరువు మళ్లీ కూర్చుంటుంది. మీటరు లేదు, కరెంటు లేదు.

ఇక మూత. లోపలికి దిగే మూత ఉన్న కుక్కర్ ఇంట్లో ఉంటే ఒకసారి తీసి చూడండి. మన దేశంలో 1959లో మొదలైన హాకిన్స్ వాళ్ల కుక్కర్లు ఈ రకానివే. మూత పూర్తి గుండ్రం కాదు, కాస్త కోలగా ఉంటుంది. పాత్ర మూతీ అంతే. అందుకే ఏటవాలుగా వంచి లోపలికి దించి, తిప్పి, పైకి లాగి అంచుకు కిందినుంచి ఆనించగలుగుతాం. ఇప్పుడు లెక్క చూడండి. మూత వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఆవిరి దాన్ని 200 కిలోల బలంతో, అంటే రెండు క్వింటాళ్ల బలంతో పైకి తోస్తుంది. మూత బయట ఉంటే ఆ బలాన్ని అంచు చుట్టూ ఉన్న పట్లు ఆపాలి. లోపల ఉంటే ఆ బలమే మూతను రబ్బరు గాస్కెట్‌కు, గాస్కెట్‌ను అంచుకు అదుముతుంది. ఆవిరి ఎంత తోస్తే మూత అంత బిగుస్తుంది. ఆవిరి దిగేదాకా మీరెంత ప్రయత్నించినా అది కిందికి దిగదు, తెరుచుకోదు. ప్రమాదం తేగలిగిన శక్తినే తలుపు గడియగా వాడుకున్నారన్నమాట. బాయిలర్ల లోపలికి మనిషి దిగే ద్వారాలు కోలగా ఉండేది ఇందుకే. చాలా విమానాల తలుపులు కూడా లోపలి గాలి ఒత్తిడికే బిగుసుకుంటాయి. ఈ సెక్షన్ బోర్డు మీద గీసిన ప్రతిసారీ నాకు కొత్తగానే సంతోషం కలుగుతుంది.

ఇంత తెలివీ ఆ చిన్న రంధ్రం తెరిచి ఉంటేనే పనిచేస్తుంది. పప్పు నురగ అందులో ఎండి గడ్డకట్టవచ్చు. వెయిట్ పెట్టే ముందు మూతను వెలుతురుకెత్తి, రంధ్రంలోంచి వెలుగు కనిపిస్తోందో లేదో చూడండి. ఆ రంధ్రం మూసుకుపోతే రెండో కాపలాగా సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. చాలా కుక్కర్లలో అందులో త్వరగా కరిగే లోహం పెడతారు. నీళ్లు ఇగిరిపోయి వేడి హద్దు దాటితే ఆ లోహం తనే కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. అది పోతే దాని బదులు అదే కంపెనీ వాల్వ్ వేయించండి, మరేదో పెట్టి మూసేయకండి.

కుక్కర్‌లాగే కనిపెట్టినవాడి పేరున్న మరో వస్తువు పిన్నీసు. 1849లో న్యూయార్క్‌లో వాల్టర్ హంట్ దానికి పేటెంటు తీసుకుని, హక్కులు 400 డాలర్లకు అమ్మేశాడు. ఒక్క తీగ! దాన్నే ఒకచోట చుడితే స్ప్రింగు, చివర సానపెడితే సూది. మన ఆడవాళ్ల నల్లపూసలకీ గాజులకీ అవసరానికి ఉంటుందని వేలాడే ఆ గుత్తిలో ఉన్నది ఆ ఆలోచనే.

ఇంటి వస్తువుల్లో కత్తిపీట మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. చాకుతో కోసేటప్పుడు ఒక చెయ్యి కత్తిని నడపాలి. కత్తిపీటలో కత్తి కదలదు, కూరగాయ కదులుతుంది. పీట మీద ఆనిన కాలు, మనిషి బరువు దాన్ని కదలనివ్వవు. రెండు చేతులూ ఖాళీ కనుక గుమ్మడికాయనైనా, జారే చేపనైనా రెండు వైపులా పట్టుకుని నెట్టవచ్చు. వంపు తిరిగిన అంచు మీద కాయ జారుతూ తెగుతుంది, ముక్కలు నేరుగా కిందున్న గిన్నెలో పడతాయి. కొనకు కొబ్బరి కోరు ఉంటే ఒకే పీట రెండు పనులు చేస్తుంది. చేపల బజారులో పెద్ద కత్తిపీట ముందు కూర్చున్నవాళ్లు పండుగప్పను ముక్కలు చేయడం చూస్తే, ఆ ఒడుపును చాకుతో ఊహించలేం.

వంట నిలబడి చేయడం మొదలయ్యాక ఇళ్లలో కత్తిపీట మంచం కిందికి చేరింది. దాన్ని తిరిగి తెమ్మని నేను అనను. నేల మీద కూర్చుని లేవడం ఎన్నో మోకాళ్లకు కష్టం. కానీ పీట మీద కాలు చేసిన పనిని గ్రానైట్ గట్టు మీద ఎవరు చేయాలన్న ప్రశ్న మిగిలింది. కొబ్బరి కోరు వరకు జవాబు దొరికింది. అడుగున రబ్బరు కప్పు ఉన్న కోరును నున్నటి రాతి మీద పెట్టి మీట వేస్తే, కప్పు కింద గాలి పలచబడి, పైనున్న వాతావరణ ఒత్తిడి దాన్ని బండకు అదిమి పట్టేస్తుంది. గుమ్మడికాయకు మాత్రం అలాంటిది నాకింకా కనిపించలేదు. ఈ ఏడు మా మూడో సంవత్సరం పిల్లలకు ప్రాజెక్టుగా ఇచ్చింది అదే: నిలబడి కోసుకునే కత్తిపీట.