ఆవిరి ఈల నుంచి అద్దాల పెట్టెకు

వట్లూరు మీదుగా బొగ్గింజన్లు తిరిగిన రోజులు ఏలూరు జిల్లా పెదపాడు మండలంలో పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఆ కూత పొలాలు దాటి ఊళ్లోకి వచ్చేది. అలాంటి ఈలల్ని, ఒక్కో స్వరానికి ఒకటి చొప్పున, వరసగా నిలబెట్టి పాట పలికించినవాడు అమెరికాలోని వూస్టర్‌కు చెందిన జాషువా స్టాడర్డ్. 1855లో పేటెంటు పొందిన ఆ వాద్యం పేరు కాలియోపీ. చర్చి గంటల స్థానంలో దాన్ని పెట్టాలని ఆయన ఆశ. అది చేరింది మాత్రం సర్కస్‌లకూ మిసిసిపీ నది మీది ఆవిరి పడవలకూ. మైళ్ల దూరం వినిపించేది కానీ, ఆవిరి వేడి మారితే శ్రుతి కూడా మారిపోయేది.

స్టాడర్డ్ తొలి యంత్రంలో మనిషి వేళ్లకు పనిలేదు. తిరిగే లోహపు రోలరు మీది మేకులే ఈలల కవాటాలను తెరిచేవి. పాటను మేకులుగా దాచే ఈ ఆలోచన చాలా పాతది. 9వ శతాబ్దంలోనే బాగ్దాద్‌లో బనూ మూసా సోదరులు నీటితో నడిచే వాద్యానికి దీన్ని వాడారు. 1796లో జెనీవా గడియారాల పనివాడు ఆంత్వాన్ ఫావ్ర్ గంటలు తీసేసి, వాటి చోట ఉక్కు పళ్లు పెట్టాడు. మ్యూజిక్ బాక్స్ పుట్టింది అక్కడే.

కాలియోపీ గొట్టాల వరసను అలంకారంగా పెట్టి, రంగుటద్దాలతో చేసే మ్యూజిక్ బాక్సులో ఈ రెండు కథలూ కలుస్తాయి. గొట్టాలు చూపుకే, పాట లోపలిది. చిన్న బాక్సుల్లో సాధారణంగా పద్దెనిమిది పళ్లుంటాయి. పొడవు పన్ను మంద్రం పలుకుతుంది, పొట్టిది తారం. సిలిండరు మీది మేకు పన్నును పైకెత్తి వదిలేస్తుంది, పన్ను కంపిస్తుంది.

అద్దం పని వేరే విద్య. మన దగ్గర దాని గొప్పతనం చూడాలంటే మెదక్ వెళ్లాలి. 1924లో ప్రారంభమైన అక్కడి చర్చి కిటికీలకు ఇంగ్లండ్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేశారు. అంత పెద్ద కిటికీల్లో గాజుముక్కల్ని సీసపు పట్టీలు పట్టి ఉంచుతాయి. చిన్న పెట్టెకు అవి మోటు. అందుకే ప్రతి ముక్క అంచుకూ పలుచని రాగి రేకు చుట్టి, దాని మీద టంకం పోస్తారు. కోబాల్టు కలిపిన గాజు నీలంగా వెలుగుతుంది. చూడ్డానికి ఎంత బాగున్నా నాదానికి గాజు ఒక్కటే చాలదు. యంత్రాన్ని పలుచని చెక్క అడుగుకు బిగిస్తేనే పళ్ల కంపనం చెక్కకు చేరి పాట నిండుగా వినిపిస్తుంది. ఏలూరు జిల్లాలోనే ఉన్న నూజివీడు వీణలో పనసచెక్క కుండ చేసే పనీ ఇదే.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది గాలి రెక్క. కీ ఇచ్చిన స్ప్రింగు తన బలమంతా ఒక్కసారిగా వదిలేయాలని చూస్తుంది. పళ్లచక్రాల చివరన గిర్రున తిరిగే ఈ చిన్న రెక్క గాలిని తోస్తూ ఆ వేగాన్ని పట్టి ఉంచుతుంది. వేగం పెరిగేకొద్దీ గాలి మరింత అడ్డుపడుతుంది కనుకే లయ నిలుస్తుంది.

మీ ఇంట్లో పాత మ్యూజిక్ బాక్సుంటే, స్ప్రింగులో కీ మిగిలి ఉండగా ఆ రెక్కను విప్పకండి. సిలిండరు అదుపు తప్పి తిరిగిందంటే మేకులు వంగిపోతాయి, పళ్లు విరిగిపోతాయి. ముందు పాటను చివరిదాకా ఆడనివ్వండి. కీ పూర్తిగా దిగాకే స్క్రూడ్రైవరు పట్టుకోండి.