ఔషధముల నమోదు - కంప్యూటరు

క్రొత్త మందు విపణికి రాకముందే దాని గుణదోషములను పరిశీలించి అనుమతి నొసగుట ప్రభుత్వముల బాధ్యత. అమెరికాలో ఈ పని ఆహార, ఔషధ పరిపాలనా సంస్థది. పూర్వము అచ్చటికి ఒక్కొక్క దరఖాస్తు వేలకొలది పుటల సంపుటములుగా వచ్చుచుండెను. కావలసిన పుటను వెదకుటయే పరీక్షకులకు పెద్ద శ్రమ.

కాగితములను యథాతథముగా యంత్రమున కెక్కించినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. ముందుగా వానికొక క్రమము కావలెను. 2000 సంవత్సరమున అమెరికా, ఐరోపా, జపాను దేశముల ప్రతినిధులు దరఖాస్తునకు ఒక ఉమ్మడి స్వరూపమును అంగీకరించిరి. పాలనాపత్రములు, సారాంశములు, నాణ్యత, జంతువులు మొదలగువానిపై పరీక్షలు, మానవులపై పరీక్షలు అని అందు అయిదు భాగములు. ఈ క్రమమునే తరువాత కంప్యూటరున కనువుగా మలచిరి. పంపిన ప్రతి విడతకును వరుససంఖ్య యుండును. ఒక పత్రమును మార్చినను పాతది చెరిగిపోదు. ఏది యెప్పుడు మారెనో తెలియును.

అమెరికాలో ఈ పద్ధతి 2017 మే 5 నుండి క్రొత్త మందుల దరఖాస్తులకును, 2018 మే 5 నుండి ముడి ఔషధముల తయారీ వివరపత్రములకును విధిగా నేర్పడెను. అచ్చటికి సరకు పంపు హైదరాబాదు ఔషధ పరిశ్రమయు దీనికి లోబడినదే.

అయినను పరీక్షకుల వివేకమునకు బదులు లేదు. 1960లో థాలిడోమైడ్ దరఖాస్తును పరిశీలించిన ఫ్రాన్సెస్ కెల్సీ, ఆధారములు చాలవని పలుమార్లు తిప్పి యడిగెను. ఆ మందువలన నరములు చెడుచున్నవని వైద్యపత్రికలో వచ్చిన లేఖ ఆమె సందేహమును బలపరచెను. అనుమతి లభింపలేదు. ఇతర దేశములలో ఆ మందువలన వేలకొలది శిశువులు అవయవలోపములతో జన్మించిరి. కంప్యూటరు పుటను క్షణములో చూపును. దానిని సందేహించి చదువవలసినవారు మనుష్యులే.