మందు అంటే ఏమిటి?

ఒక మాటకు ఒకే అర్థం ఉండాలని శాస్త్రజ్ఞులు కోరుకుంటారు. కాని లోకవ్యవహారంలో భాష అలా నడవదు. లోకంలో వస్తువులు, పనులు, భావాలు లెక్కకు మించి ఉన్నవి. మనిషి జ్ఞాపకం ఉంచుకోగల మాటలు కొన్ని మాత్రమే. అందుచేత పాత మాటకే కొత్త పని అప్పగించడం అన్ని భాషలలోనూ ఉన్నది. అమరకోశం మూడవ కాండలో ఇటువంటి మాటల కోసమే నానార్థవర్గం అనే భాగం ఉన్నది. ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రెయాల్ 1897లో ప్రచురించిన గ్రంథంలో ఈ లక్షణాన్ని 'పాలిసెమీ' అన్నాడు. మనం దీనిని 'అనేకార్థకత' అనవచ్చు.

ఇది ఎక్కడ ఉపకరిస్తుందో, ఎక్కడ ప్రాణం మీదికి తెస్తుందో తెలుసుకోవడానికి తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతంలో రోజూ వినిపించే ఒక చిన్న మాటను పరిశీలిద్దాము. ఆ మాట 'మందు'.

పొలంగట్టు మీద

ఇది కృష్ణా పశ్చిమ డెల్టా. కాలువల కింద వరి, వరి కోసిన తరువాత మినుము, అక్కడక్కడ అరటి, పసుపు పండే నేల. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945లోనే వెలసింది. ఇటువంటి చోట 'మందు' అనే మాట వైద్యుని గదిలో ఎంత వినిపిస్తుందో పొలంగట్టు మీద కూడా అంత వినిపించడంలో వింత లేదు.

జ్వరం వచ్చినవాడు మందు వేసుకుంటాడు. చేనికి పురుగు పట్టితే రైతు మందు కొడతాడు. కలుపును చంపేదీ మందే. బండను పగలగొట్టేవారు మందు పెట్టి పేలుస్తారు. దీపావళికి పిల్లలు కాల్చేది మందుగుండు. సాయంత్రం పూట 'మందు కొట్టేవాడు' చేనిలో కనిపించడు, మద్యం దుకాణం దగ్గర కనిపిస్తాడు. ఎవరికో అన్నంలో 'మందు పెట్టారు' అంటే అది వశీకరణమనే మూఢనమ్మకం. పక్కన ఉన్న క్రియ కూడా ఒక్కొక్కప్పుడు రెండు వైపులా చూస్తుంది. డాక్టరు 'మందు రాశాడు' అంటే చీటీ మీద. అమ్మ 'మందు రాసింది' అంటే పుండు మీద.

ఒకే చెట్టు కొమ్మలు

ఒకే రూపం గల మాటలన్నీ ఒకే జాతివి కావు. 'పాలు' అంటే ఆవు ఇచ్చేదీ, అన్నదమ్ములు పంచుకునేదీ కూడా. ఇవి వేరు వేరు మాటలు; ధ్వనిలో మాత్రం కలిసిపోయినవి. 'మందు' సంగతి అది కాదు. అది ఒకే వేరునుంచి పుట్టిన చెట్టు. తమిళంలో మరుందు, మలయాళంలో మరున్ను, కన్నడంలో మద్దు దీని తోబుట్టువులే. ఆ భాషలలో కూడా ఈ మాట ఔషధానికీ, పేలే పొడికీ చెల్లుతుంది.

ఔషధం పేరు తుపాకీలోకి ఎలా పోయింది? కొద్దిపాటి పొడిని కొలతప్రకారం కలిపితే పెద్ద ఫలితం రావడం రెండింటిలోనూ ఉన్నది. సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరితే తుపాకిమందు అవుతుంది. చైనావారు దీనికి పెట్టిన పేరుకు అక్షరాలా 'అగ్ని ఔషధం' అని అర్థం. మన భాషకు సంబంధంలేని భాష కూడా ఇదే దారిన నడిచిందంటే, అర్థాలు కొమ్మలు వేయడంలో ఒక క్రమం ఉన్నదని తెలుస్తున్నది.

మందు, విషం

ప్రాచీన గ్రీకు భాషలో 'ఫార్మకాన్' అనే మాటకు ఔషధమనీ, విషమనీ రెండు అర్థాలూ ఉండేవి. పదహారవ శతాబ్దపు వైద్యుడు పారాసెల్సస్, ఒక వస్తువు విషమయ్యేదీ కానిదీ మోతాదును బట్టి ఉంటుందని బోధించాడు. కాబట్టి రెండింటికీ ఒకే మాట వాడిన సామాన్యులు తెలివితక్కువవారు కారు.

అయితే వినేవాడు సరియైన అర్థాన్ని ఎలా పట్టుకుంటాడు? మన పూర్వులు దీనికి చక్కని ఉదాహరణ చెప్పారు. 'సైంధవం' అంటే ఉప్పు, గుర్రం కూడా. భోజనానికి కూర్చున్న యజమాని సైంధవం తెమ్మంటే సేవకుడు ఉప్పు తెస్తాడు. ప్రయాణానికి సిద్ధమైనప్పుడు తెమ్మంటే గుర్రాన్ని తెస్తాడు. దీనినే ప్రకరణం అన్నారు. అంటే సందర్భం. సందర్భం ఉన్నంతవరకు ఎన్ని అర్థాలున్నా చిక్కు లేదు.

సందర్భం తప్పినప్పుడు

ఒక మనిషిని స్పృహలేని స్థితిలో ఆస్పత్రికి తెచ్చి, 'మందు తాగాడండీ' అన్నారనుకోండి. మద్యమా? మోతాదు మించిన ఔషధమా? పురుగుమందా? కలుపుమందా? ఇక్కడ సందర్భం ఏమీ చెప్పదు. వైద్యం మాత్రం జవాబును బట్టి మారుతుంది.

పురుగుమందులలో ఆర్గనోఫాస్ఫేట్లు అనే తెగ ఉన్నది. మన నరాలు కండరాలకు, గ్రంథులకు ఆజ్ఞలు పంపడానికి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థాన్ని వాడుతవి. పని కాగానే ఒక ఎంజైము దానిని విడగొట్టుతుంది. ఈ విషాలు ఆ ఎంజైమును బంధించివేస్తవి. ఆజ్ఞ ఆగక, చెమట, చొంగ, కన్నీరు కారుతవి, కనుపాపలు సూదిమొనలంత అవుతవి, ఊపిరి అందదు. దీనికి వైద్యులు ఇచ్చే ముఖ్యమైన విరుగుడు అట్రోపిన్. అదికూడా మోతాదు మించితే విషమే. కాని పారాక్వాట్ అనే కలుపుమందు మింగినవారికి అట్రోపిన్ విరుగుడు కాదు. రెండింటికీ ఊరిలో ఉన్న పేరు మాత్రం ఒక్కటే.

1958లో కేరళ, మద్రాసు రాష్ట్రాలలో పారథియాన్ అనే పురుగుమందు సోకిన పిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆహారపదార్థాలనూ, ఆ మందునూ ఒకే ఓడలో తేవడం దీనికి కారణం. ఆ దుర్ఘటన తరువాతనే మన దేశంలో 1968లో కీటకనాశనుల చట్టం వచ్చింది. దానిప్రకారం ప్రతి డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం. తరువాత వరుసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు గుర్తు ఉన్న డబ్బా మీద పుర్రె, ఎముకల బొమ్మతోపాటు విషం అనే మాట కూడా ఉంటుంది. చట్టం విషమని ముద్రిస్తున్నది; మన నోరు మందు అంటున్నది. 'మందే గదా' అనే నమ్మకంతో చేతులు కడుక్కోకుండా చుట్ట కాల్చడం, మిగిలినదాన్ని నీళ్ళసీసాలో పోసి అటక మీద పెట్టడం జరుగుతున్నది. సీసా మారిన క్షణంలో సందర్భం పోతుంది. పిల్లవాడికి అది నీళ్ళే.

చేయవలసినది పెద్ద పని కాదు. మందును దాని డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉంచాలి. ఎవరికైనా ఒంటిమీద పడితే తడిసిన బట్టలు తీసివేసి, సబ్బునీళ్ళతో కడగాలి. మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. డబ్బానుగాని, దాని చీటీనిగాని వెంట తీసుకుపోవడం మరువరాదు. అక్కడ 'మందు' అని ఊరుకోక, పురుగుమందో కలుపుమందో, దాని పేరేమిటో, ఎప్పుడు, ఎంత మింగారో చెప్పాలి.

అనేకార్థకత భాషకు లోపం కాదు. కొద్దిమాటలతో గొప్ప సంసారం నడిపే పొదుపు అది. కాని ప్రాణం తక్కెడలో ఉన్నప్పుడు ఆ పొదుపు పనికిరాదు. మాటను పూర్తిగా పలకాలి.