పిల్లి మూత్రపు వాసన, మరకలు - ఇంట చేసికొనదగిన శుద్ధి

మన పాఠశాలకు పిల్లలను పంపు కుటుంబములలో పెక్కింటికి వ్యవసాయమే ఆధారము. ఇంట రాగిమూటలుండును, మూటలున్నచోట ఎలుకలుండును, ఎలుకలున్న యింటికి పిల్లి తప్పదు. పట్టుపురుగులు పెంచువారికి ఎలుకల బెడద మరింత యెక్కువ గనుక వారు పిల్లిని ఇంటిమనిషిగనే చూచుకొందురు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తెలుగువారి యిండ్లయినను, తమిళ కన్నడ సోదరుల యిండ్లయినను ఈ విషయమున భేదము లేదు. అయితే పిల్లి చేయు మేలుతోపాటు, అది చాపమీదను, పరుపుమీదను, పిల్లవాని పుస్తకసంచిమీదను విడుచు మూత్రపు కంపును కూడ భరింపవలసి యుండును.

ఇట్టి చిన్నవిషయము వార్షిక సంచికకు తగునా యని కొందరడుగవచ్చును. తగునని మా అభిప్రాయము. గడచిన సంవత్సరము ఆరవ తరగతి బాలిక యొకతె వారము దినములు బడికి రాలేదు. విచారింపగా, ఆమె సంచి వాసన వేయుచున్నదని ప్రక్కన కూర్చుండువారు ముక్కు మూసికొనిరని తెలిసినది. తల్లి ఆ సంచిని మూడుసార్లు సబ్బుతో ఉదికినదట. ఎండలో ఆరినప్పుడు వాసన లేదు. వాన ముసురు పట్టగానే మరల వచ్చినది. ఆ తల్లి అశ్రద్ధ చేయలేదు. సబ్బునకు లొంగని పదార్థము అందులో నున్నది.

ఆ పదార్థమేదో ముందు తెలిసికొందము. పిల్లి మూత్రపిండములు నీటిని మిక్కిలి పొదుపుగ వాడును. అందుచే దాని మూత్రము చాల చిక్కనిది. అందలి యూరియాను సూక్ష్మజీవులు విరుగగొట్టగా అమ్మోనియా పుట్టును. కన్నులు మండించు ఘాటు దానిదే. అది గాలికి కొంతకాలములో పోవును. పోనిది వేరొకటి గలదు. పిల్లి మూత్రములో ఫెలినైన్ అను గంధక మిశ్రితమైన ఆమ్లము కలదని 1953లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. అది తయారగుటకు కాక్సిన్ అను మాంసకృత్తు తోడ్పడునని 2006లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఫెలినైనునకు తనంతట పెద్ద వాసన లేదు. అది గంటలు గడచినకొలది విరిగి గంధకపు వాసనద్రవ్యములుగ మారును. కనుకనే అప్పటికప్పుడు అంతగా తెలియని వాసన మరునాటికి ముదురును. విత్తులు తీయని మగపిల్లిలో ఇది హెచ్చు. ఎండిన మరక గాలిలోని తేమను పీల్చినప్పుడెల్ల వాసన మరల లేచును. వానకాలపు రహస్యమిదే.

మరక తడిగా నున్నప్పుడే పాతగుడ్డతో అద్ది పీల్చివేయవలయును. రుద్దినచో లోనికి దిగును. తరువాత చన్నీటితో తడిపి మరల అద్దవలెను. వేడినీరు పోయరాదు, ఇస్త్రీ చేయరాదు. వేడికి మాంసకృత్తులు దారములలో గట్టిపడి మరక నిలిచిపోవును. మరక యెక్కడనో తెలియక యిల్లంతయు వాసన కొట్టుచున్నచో, కరెన్సీ నోట్లు పరీక్షించు ఊదాకాంతి దీపమును రాత్రివేళ చీకటిలో త్రిప్పి చూడుడు. ఎండిన మూత్రము పసుపుపచ్చగ మెరయును.

వంటకు వాడు తెల్ల వెనిగరునకు సమముగ నీరు కలిపి మరకమీద పోసి, పావుగంట యుంచి, అద్ది తీయుట మొదటి విధానము. ఆమ్లము అమ్మోనియాను ఉప్పుగ మార్చి ఎగిరిపోకుండ బంధించును, ఘాటు తగ్గును. నిమ్మరసమును అట్లే పనిచేయును గాని ఖర్చెక్కువ. అయితే మీ యింటి నేల యేదో చూచికొనవలెను. మన ప్రాంతపు గ్రానైటు బండకు వెనిగరు వలన హాని లేదు. కడప నాపరాయి, షాబాదు రాయి, చలువరాయి మాత్రము సున్నపురాతి జాతివి. ఆమ్లము తగిలినచోట నునుపు పోయి తెల్లని మచ్చ పడును. సిమెంటు గచ్చునకును మంచిది కాదు.

మరక ఆరిన పిమ్మట వంటసోడా చల్లి రాత్రియంత యుంచి ఉదయము ఊడ్చివేసినచో మిగిలిన వాసన కొంత లాగును. కొందరు వెనిగరును సోడాను కలిపి పోయుదురు. బుసబుస పొంగుట చూచి గొప్ప మందని సంతోషింతురు. ఆమ్లము, క్షారము కలిసినచో ఒకదాని బలము నొకటి చంపుకొని, బొగ్గుపులుసు వాయువును, ఒకవిధమైన ఉప్పునీరును మిగులునని ఉన్నత తరగతుల పిల్లలు చెప్పగలరు. రెంటిని వేర్వేరుగ వాడినచో ప్రయోజనము. కలిపినచో రెండును వ్యర్థము. పండ్లతొక్కలు, బెల్లము, నీరు మూడునెలలు పులియబెట్టి చేయు ద్రావకము ఇటీవల ప్రచారములో నున్నది. అదియు ముఖ్యముగ పులుపు వలననే పనిచేయును. చేసికొన్నవారు వాడుకొనవచ్చును, వెనిగరును మించినదని మేము చెప్పజాలము.

గంధకపు వాసనను నిజముగ నాశనము చేయగలది హైడ్రోజన్ పెరాక్సైడ్. అమెరికాలో స్కంక్ అను జంతువు చిమ్ము దుర్గంధమునకు పాల్ క్రెబామ్ అను రసాయనజ్ఞుడు చెప్పిన మందు 1993లో అచ్చయినది. ఆ దుర్గంధమును గంధకజాతిదే గనుక అదే మందు పిల్లి మరకకును పనికివచ్చును. నూటికి 3 పాళ్ల పెరాక్సైడ్ ఒక లీటరు, వంటసోడా పావుకప్పు, పాత్రలు తోము ద్రవసబ్బు ఒక చెంచా కలుపవలెను. మన మందులషాపులలో సాధారణముగ నూటికి 6 పాళ్లది దొరకును. సమముగ నీరు కలిపినచో 3 పాళ్లదగును. సీసామీది అంకె చూడక కొనరాదు. చేతికి రబ్బరుతొడుగులు వేసికొని, మరక పూర్తిగ తడియునట్లు పోసి, అరగంట తరువాత నీటితో కడిగి, ఎండలో ఆరవేయవలెను. ముదిరిన మరకకు రెండు మూడుసార్లు చేయవలసివచ్చును. ఇది రంగును వెలిసిపోజేయగలదు. లోపలి అంచున ఒక చుక్క వేసి చూచి పిమ్మట వాడుడు. పట్టుచీరలకు, ఉన్నికి వలదు. కలిపిన మందును అప్పటికప్పుడు వాడి మిగిలినది పారబోయవలెను. మూతబిగించి దాచినచో లోపల వాయువు పెరిగి సీసా పగులును. పై బాలిక సంచి యీ విధముననే బాగుపడినది. రంగు కొంచెము వెలిసినది గాని ఆమె మరునాడే బడికి వచ్చినది.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. పట్టుపురుగుల యిల్లు శుద్ధిచేయుటకు తెచ్చిన బ్లీచింగుపౌడరు మన యిండ్లలో మూల నుండును. వాసన పోవునని దానిని మూత్రముపై చల్లువారున్నారు. ఇది ప్రమాదము. అది అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అను విషవాయువును పుట్టించును. వెనిగరుతోనో, కక్కసుదొడ్డి కడుగు ఆమ్లముతోనో కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టును. మూసిన గదిలో పసిపిల్ల పండుకొన్నచోట ఇట్లు జరిగినచో ఏమగునో చెప్పనక్కరలేదు. కన్నులు మండి దగ్గు వచ్చినచో వెంటనే అందరును ఆరుబయటికి పోవలెను. ఊపిరి ఆడకున్నచో వైద్యశాలకు పోవలెను. ఫినాయిలు వేరొక విధముగ చెడ్డది. అందలి ద్రవ్యములను పిల్లి కాలేయము విరుగగొట్టలేదు; తడి ఫినాయిలు మీద నడచి పాదములు నాకినచో దానికి విషమగును. అమ్మోనియా కలిసిన శుద్ధిద్రవములు వాడినచో, అది మరియొక పిల్లి వాసనయని తలచి అక్కడనే మరల మూత్రము చేయవచ్చును.

మట్టినేల యైనచో ఈ మందులేవియు అక్కరలేదు. తడిసినంత లోతున త్రవ్వి, ఆ మన్ను పారవేసి, క్రొత్తమన్ను దిమ్మిసకొట్టి అలికినచో సరిపోవును. బూరుగుదూది పరుపు లోపలివరకు తడిసినచో దూది తీయించి ఆ భాగము మార్చుటయే మేలు. పైపై మందులు వృథా.

పుస్తకముల సంగతి మాకు మిక్కిలి దగ్గరిది. మన పెద్దలు రెండు మూడు తరములుగ ట్రంకుపెట్టెలలో దాచిన తెలుగు పుస్తకములు పెక్కింట గలవు. మన అంగళ్లలో వెదకినను తిరిగి దొరకునవి కావవి. అట్టి పుస్తకముపై పిల్లి తడిపినచో పైన చెప్పిన ద్రావకములేవియు పోయరాదు. సిరా కరగును, కాగితము చిరుగును. తడిని అద్ది, పుటలమధ్య అద్దకపుకాగితములుంచి, నీడలో గాలి తగులునట్లు నిలిపి ఆరబెట్టుడు. అద్దకపుకాగితములను తరచుగ మార్చవలెను. పూర్తిగ ఆరిన పిమ్మట ఒక మూతగల పెట్టెలో గిన్నెడు వంటసోడా పెట్టి, దానికి తగులకుండ పుస్తకమును తెరచియుంచి, రెండు మూడు వారములు మూసియుంచుడు. వాసన బాగుగ తగ్గును. మరక మాత్రము మిగులును. దానిని తీయబోయి అక్షరములు పోగొట్టుకొనవలదు. తాళపత్రముల నసలు తడుపరాదు.

కొందరు విసిగి పిల్లిని గోనెసంచిలో పెట్టి ఊరిబయట విడిచివచ్చుచున్నారు. అది మాకు సమ్మతము కాదు. అట్లు చేసినందున ఎలుకలు పెరుగును. మరియొక పిల్లి వచ్చును. మగపిల్లికి పశువైద్యునిచే విత్తులు తీయించినచో గోడలపై చిమ్ము అలవాటు చాలవరకు నిలచును. వెడల్పయిన తొట్టిలో ఇసుకపోసి మూల నుంచి, దినదినమును శుభ్రపరచినచో పిల్లి దానినే యెంచుకొనును. ఆ మలమును గర్భిణీ స్త్రీలు ఎత్తరాదు; అందుండు ఒక సూక్ష్మజీవి వలన గర్భస్థశిశువునకు హాని కలుగవచ్చును. ఎన్నడును ఇల్లు పాడుచేయని పిల్లి హఠాత్తుగ అచ్చటచ్చట మూత్రము చేయుచున్నచో అది రోగలక్షణము కావచ్చును. మగపిల్లి మాటిమాటికి కూర్చుండి, ముక్కి, బొట్లుబొట్లుగ విడుచుచున్నచో, లేక అసలే విడువలేకున్నచో మూత్రమార్గము మూసికొన్నదన్నమాట. ఒకటి రెండు దినములలో ప్రాణము పోవును గనుక నాడే పశువైద్యశాలకు కొనిపోవలెను.